ఊడిపోవాల్సిన మూత

పరీక్షా మైదానం,
అతిథి గదులు.

వదినగారికి,

మీ దగ్గరి నుంచి వచ్చాక ఉత్తరం మొదలుపెట్టడం, చింపెయ్యడం, ఇదే పనైపోయింది. ఫోన్ చేద్దామంటే మీ పెట్రోలు టెర్మినల్ ఫోనులో నలుగురు చెవులు పెడతారు. అందుకే రాస్తున్నాను.

అన్నయ్య మీద వేసిన నింద పేపర్లో చదివాను. రెండో టాంకు నిండి పొర్లుతుంటే కంట్రోల్ రూములో ఉన్న ఆపరేటరు చూసుకోలేదట. పొర్లిన పెట్రోలు ఆవిరై ఆవరణంతా కమ్ముకుని అంటుకుందట. అతని వల్లే ఐదుగురు పోయారట. ఆ ఐదుగురిలో ఆ ఆపరేటరు కూడా ఉన్నాడన్న మాట అట్టడుగున, చిన్న అక్షరాల్లో వేశారు. మట్టం చూపించే ముల్లు ఇరుక్కుపోతోందని, ఎంత చెప్పినా బాగు చెయ్యడంలేదని అన్నయ్య మన ముందే ఎన్నిసార్లు విసుక్కున్నాడు! ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

ఇక అసలు విషయం. ఆ రోజు టాంకులు ఎలా కూలాయో తేల్చే పని విచారణ సంఘం మా పరిశోధనశాలకే ఇచ్చింది. పేలుడు తగిలితే ఇనుప టాంకు ఏమవుతుందో పేల్చి చూడటమే కదా నా ఉద్యోగం. మా డైరెక్టరమ్మ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది. "పరీక్షలు నువ్వు చెయ్యి. రిపోర్టు మాత్రం నేను రాస్తాను. పోయినవాడి తమ్ముడివి, నువ్వు నిజం రాసినా ఎవరూ నమ్మరు" అంది. సరేనన్నాను.

వదినా, నాకు న్యాయం వద్దు. ఆ మేనేజరు కావాలి. శవాలు ఇంకా లేవకముందే పత్రికలవాళ్ళని పిలిచి తప్పంతా అన్నయ్యదేనని చెప్పిన మనిషి. మీరంతా అతన్ని ఇస్త్రీ సారు అంటారు కదా. ఆ చొక్కా మడత నలిగి, చిరిగి, పీలికలయ్యేదాకా నాకు నిద్ర లేదు.

మీ మరిది


టెర్మినల్ క్వార్టర్స్.

చిన్నా,

నీ ఉత్తరం చేరింది. కోపం కాగితం మీద బాగానే ఉంది కానీ, నువ్వు సరిగ్గా తినడంలేదని ఆ వంకర అక్షరాలు చూస్తేనే తెలుస్తోంది. తిను. ఒంట్లో సత్తువ లేనివాడికి పగ ఎందుకు?

ఇక్కడి సంగతి అడిగావు కాదు కానీ చెబుతాను. ఎదురింటి ఫోర్మన్ గారి భార్య నేను గుమ్మంలోకి వస్తే కిటికీ రెక్క వేసేసుకుంటోంది. ఆయన కూడా మీ అన్న పక్కనే, ఆ గదిలోనే పోయాడు. ఆమెను తప్పుపట్టను. పేపర్లో చదివిందే నమ్ముతోంది. మొన్న తలుపు తీసేసరికి మన గోడ మీద ఎవరో బొగ్గుతో "హంతకుడి ఇల్లు" అని రాసి ఉంది. ఒకసారి కడిగాను, మళ్ళీ రాశారు. ఇక కడగడం మానేశాను. రాసినవాళ్ళే ఒకనాడు వచ్చి తుడుస్తారు.

గేటు కాపలాదారు వచ్చి వెళ్ళాడు. అతను చెప్పింది జాగ్రత్తగా చదువు. మొదటి పేలుడుకి గేటు రేకు వంగిపోయి, ఇతను కింద పడ్డాడట. లేచేసరికి ఫోను మోగుతోంది. మీ అన్న గొంతు. "గేటు బార్లా తియ్యి. లారీలవాళ్ళని దిగి పరిగెత్తమను. మాకేం కాలేదు, అద్దాలు పోయాయి. ఫోర్మన్ గారి చెయ్యి తెగింది, కట్టు కడుతున్నాం, వచ్చేస్తున్నాం." ఇవి మీ అన్న మాటలు. ఇతను గేటు తీస్తుండగా రెండో చప్పుడు వచ్చిందట. అది భూమిలోంచి వచ్చినట్టుందట. నాలుగో టాంకు కూర్చున్న చోటి నుంచి పైకి లేచి, అడుగు నుంచి మండుతున్న నూనె ఒక్కసారిగా బయటపడి, టాంకుల చుట్టూ ఉన్న కట్టగోడ దాటి అలలా కంట్రోల్ రూము మీదికి వెళ్ళిపోయిందట.

అర్థమైందా? రెండో టాంకు పొర్లినందుకు మీ అన్న చావలేదు. దాని మంట తగిలాక కూడా మాట్లాడాడు, పక్కవాడి చేతికి కట్టు కట్టాడు. చంపింది నాలుగో టాంకు. అది అడుగున ఎందుకు తెగింది? పేల్చి చూసేవాడివి నువ్వు, అది చెప్పు నాకు. మేనేజరు చొక్కా సంగతి తర్వాత చూద్దాం.

సోమవారం నుంచి ఉద్యోగానికి వెళ్తున్నాను. ఎక్కడ అన్నది తర్వాత రాస్తాను.

వదిన


పరీక్షా మైదానం.

గౌరవనీయులైన వదినగారికి,

కొత్త ఉద్యోగానికి అభినందనలు. ఎక్కడో మీరు రాయకపోయినా బాబాయి వచ్చి చెప్పాడు. టెర్మినల్ ఆఫీసులో ఫోన్ల దగ్గరట. ఇస్త్రీ సారు స్వయంగా ఇంటికి వచ్చి కాగితం చేతిలో పెట్టాడట. ఫోటో తీయించుకున్నాడట. మీరు లేచి నిలబడి నమస్కారం కూడా పెట్టారట. బాబాయి అదంతా మెచ్చుకుంటూ చెప్పాడు. "ఇంత జరిగినా పిల్ల నిలదొక్కుకుంది" అన్నాడు. నేను లేచి బయటికి వెళ్ళిపోయాను.

మీ కష్టం మీది. మీరు ఎలా బతకాలో చెప్పడానికి నేనెవర్ని? కానీ అన్నయ్యని నలుగురిలో దోషిగా నిలబెట్టిన చేతి నుంచి మీరు జీతం తీసుకుంటారని మాత్రం అనుకోలేదు.

మీరు అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పడం నా బాధ్యత కాబట్టి చెబుతున్నాను. మనిషెత్తు టాంకులు చేయించి బయట గ్యాసు పేల్చి చూస్తున్నాం. ఖాళీ టాంకు గోడ కాలితో తొక్కిన డబ్బాలా లోపలికి నొక్కుకుపోయింది. నిండు టాంకుకి సొట్ట కూడా సరిగ్గా పడలేదు, లోపలి నూనె గోడకి వీపు ఆనించి నిలబడుతుంది. సగం నిండిన దానికి నూనె మట్టం పైన ఉన్న గోడే నలిగింది. ఆ రోజు నాలుగో టాంకు సగమే నిండి ఉంది. గోడ నలిగి, ఎక్కడో చిరిగి, పైభాగంలో ఉన్న ఆవిరికి నిప్పు అంటుకుని ఉండాలి. ఇంతవరకు అర్థమైంది.

అర్థం కానిది ఒకటే. టాంకు లోపల పేలితే ముందు పైకప్పు ఊడిపోవాలి. టాంకులు కట్టేదే అలా. పైకప్పుకీ గోడకీ మధ్య అతుకు కావాలనే పల్చగా వేస్తారు, కుండ మీద మూతలా అది లేచిపోతే ఒత్తిడంతా ఆకాశంలోకి పోతుంది. గోడ నిలబడుతుంది, నూనె లోపలే ఉండి మండుతుంది. మంట ఆర్పవచ్చు, మనుషులు పారిపోవచ్చు. మేము లోపల పేల్చిన ప్రతి టాంకుకీ మూతే ఊడింది. అడుగు ఒక్కదానికీ తెగలేదు.

నాలుగో టాంకు పైకప్పు ఎక్కడ పడి ఉందో మీ కొత్త యజమానిని అడిగి చెప్పగలిగితే సంతోషం.

ఇట్లు


టెర్మినల్ ఆఫీసు, ఫోన్ల గది.

మరిదిగారికి,

నా యజమానిని అడగలేదండీ. నేనే నడుచుకుంటూ వెళ్ళి చూశాను. భోజనం వేళ యార్డులో ఆఫీసువాళ్ళెవరూ ఉండరు.

నీకు కోపం వస్తే లేచి బయటికి వెళ్ళిపోవచ్చు. నేను ఎక్కడికి వెళ్ళను? ఆ మనిషి ఉద్యోగం కాగితం ఎందుకు తెచ్చాడో నాకు తెలియదనుకున్నావా? విచారణలో నేను నోరు తెరవకూడదని. దయ చూపించాడని పేపర్లో పడాలని. నమస్కారం పెట్టాను. ఇంకా వంగమంటే ఇంకా వంగేదాన్ని. ఎందుకో చెప్పనా? ఈ గదిలో కూర్చున్నాక ఆ మనిషి ఎవరితో ఏం మాట్లాడినా నా చేతి మీదుగా వెళ్ళాలి. తన ఫోనుకి నన్ను తనే కాపలా పెట్టుకున్నాడు. ఇంతకన్నా మంచి కుర్చీ నాకు ఎక్కడ దొరుకుతుంది?

మొన్న పాత ఇనుము కాంట్రాక్టరుకి లైను కలపమన్నాడు. పై ఆఫీసువాళ్ళు వస్తున్నారట, వాళ్ళ కంటికి యార్డు శుభ్రంగా కనబడాలట, కూలిన టాంకుల ముక్కలన్నీ ఎత్తుకుపొమ్మని చెప్పాలట. లైను కలవడంలేదని చెప్పాను. మర్నాడూ కలవలేదు. ఆ మర్నాడు కాంట్రాక్టరు ఊళ్ళో లేడు. పాపం ఆ కాంట్రాక్టరు అక్కడ ఫోను పక్కనే కూర్చుని ఉండి ఉంటాడు. ఈలోగా మీ డైరెక్టరమ్మ నుంచి యార్డులో పుల్ల కూడా కదపకూడదని ఆర్డరు వచ్చేసింది. ఆ కాల్ మాత్రం మొదటి రింగుకే కలిపాను.

పైకప్పు దొరికింది. ఊడిన మూతలా లేదు. గోడ పైభాగాన్ని చుట్టూ చింపుకుని, దాన్ని వదలకుండా పట్టుకుని పడి ఉంది. ఆర్డరు రాకముందే, దారికి అడ్డుగా ఉన్న ముక్కలు గ్యాసు మంటతో కోస్తున్న మన టెర్మినల్ గ్యాస్ కట్టర్ దగ్గరికి వెళ్ళి, "మా ఆయన గుర్తుగా ఒక ముక్క కోసి ఇవ్వు నాయనా" అన్నాను. కళ్ళు తుడుచుకుంటూ కోసి ఇచ్చాడు. పాత దుప్పటిలో చుట్టి పార్సిల్ వేస్తున్నాను. బరువుగా ఉంటుంది, కాలి మీద వేసుకోకు.

ఇకమీదట నన్ను గౌరవనీయులు అనకు. ఒళ్ళు మండుతుంది.

వదిన


పరీక్షా మైదానం.

వదినా,

కొట్టినా పడతాను. బాబాయి మాట విని మిమ్మల్ని అంత మాట అన్నాను.

పార్సిల్ విప్పగానే తెలిసిపోయింది. అక్కడ అతుకు బయటివైపు ఒక్క వరసే, పల్చగా ఉండాలి. ఇందులో లోపలా బయటా రెండువైపులా వెల్డింగ్ ఉంది, ఒక వరస మీద ఇంకో వరస వేసి బొటనవేలంత లావు చేశారు. ఎవరో ఆ టాంకు మూతని ఊడకుండా బిగించేశారు. పేలుడుకి పైకి దారి దొరక్క అడుగు చీల్చుకుని పోయింది. టాంకు గట్టిగా ఉండాల్సిన చోట ఉండాలి, ఊడాల్సిన చోట ఊడాలి. ఆ రెండో సగం ఎవరికో తెలియలేదు, లేదా తెలిసీ వినలేదు.

రేపే డైరెక్టరమ్మ బల్ల మీద ఈ ముక్క పెడతాను. ఎవరు చేయించారో తెలుసుకోండి. మిగతా టాంకులకి కూడా ఇలాగే చేశారేమో కనుక్కోండి, అది ఇంకా ముఖ్యం.

మీ చిన్న


టెర్మినల్ క్వార్టర్స్.

చిన్నా,

బల్ల మీద పెట్టకు. మంచం కింద పెట్టు.

కనుక్కున్నాను. పోయిన వానాకాలం నాలుగు, ఐదు, ఆరు టాంకుల పైకప్పు అతుకుల్లోంచి నీళ్ళు కారాయట. ఇంధనంలో నీళ్ళు కలుస్తున్నాయని లారీలవాళ్ళు గొడవ చేశారట. టాంకులు ఖాళీ చేసి, పాత రేకు మార్చి పద్ధతిగా బాగు చేస్తే పని చాలాకాలం ఆగిపోతుంది. అందుకని ఇస్త్రీ సారు మూడింటికీ చుట్టూ గట్టిగా వెల్డింగ్ కొట్టించాడు. సరుకు పంపే పనిలో పెరిగిన మనిషి, టాంకు సంగతి అతనికేం తెలుసు? నీళ్ళు ఆగాయి, పై ఆఫీసు మెచ్చుకుంది.

వెల్డింగ్ చేయించింది మాత్రం ఎదురింటి ఫోర్మన్ గారు. వద్దని ఆయన అన్నాడని గ్యాస్ కట్టర్ చెబుతున్నాడు కానీ, తన కడుపు కొట్టుకుని పదిమందిలో ఆ మాట చెబుతాడా? చెప్పడు. ఆ వెల్డర్లు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. నువ్వు రేపు ఆ ముక్క బయటపెడితే ఎల్లుండి పేపర్లో ఏమొస్తుందో నేను ఇప్పుడే చెబుతాను. "ఫోర్మన్ సొంతంగా చేసిన తప్పుడు వెల్డింగ్." పోయినవాళ్ళు కాదనడానికి రారు కదా. నా గోడ మీది బొగ్గు ఎదురింటి గోడకి మారుతుంది. అతను కొత్త చొక్కా వేసుకుంటాడు.

ఆ మాట అతని నోటి నుంచే రావాలి. వస్తుంది. ఎందుకంటే అది తప్పని అతనికి తెలియదు, గొప్పనుకుంటున్నాడు. విచారణకి అతన్ని పిలిచిన రోజున, అందరి ముందూ, "నేనే దగ్గరుండి చేయించాను" అని అతనే చెప్పుకోవాలి. ఆ తర్వాత నీ ముక్క బయటికి తియ్యి.

అప్పటిదాకా నోరు కుట్టుకో.

వదిన


పరీక్షా మైదానం.

వదినా,

నావల్ల కాదు.

ఐదో టాంకులో, ఆరో టాంకులో ఇంధనం ఉంది. వాటి పక్కన మనుషులు పనిచేస్తున్నారు. ఏదో ఒక చోట నిప్పు లేస్తే అన్నయ్యకి జరిగిందే వాళ్ళకీ జరుగుతుంది. మీ ఫోన్ల గది కిటికీ ఆరో టాంకు వైపే ఉందని బాబాయి చెప్పాడు. రోజూ డైరెక్టరమ్మ ఎదురుగా కూర్చుని ఆమె ఏదో అడిగితే ఏదో చెబుతున్నాను, మంచం కింద ఆ ముక్క ఉంది. మేనేజరుకీ నాకూ తేడా ఏమిటో కాసేపు తెలియకుండా పోతోంది.

అతన్ని పట్టుకోవాలని మీకెంత ఉందో నాకూ అంతే ఉంది. కానీ ఆ టాంకుల కింద ఇంకో ఇంటి మనిషి పోతే, ఆ ఇంటివాళ్ళు రాయాల్సిన ఉత్తరాలు మన గురించే అవుతాయి. కొద్దిరోజులు ఆగుతాను. ఆ లోగా మీరు దారి చూపించకపోతే నేను చెప్పేస్తాను. అతను తప్పించుకున్నా సరే.

చిన్న


టెర్మినల్ ఆఫీసు, ఫోన్ల గది.

చిన్నా,

నీ ఉత్తరం చదివి నీ మీద చాలా కోపం వచ్చింది. తర్వాత మీ అన్న కూడా ఇలాగే రాసి ఉండేవాడనిపించింది. అందుకని దారి వెతికాను.

ఆరో టాంకు మెట్ల మీద మీ అన్న తిరుగుతున్నాడు.

కంగారుపడకు. నేనే తిప్పుతున్నాను. సాయంత్రం డ్యూటీ మారే వేళకి కిటికీలోంచి ఆరో టాంకు వైపు చూస్తూ నిలబడిపోయాను. ఎవరో వచ్చి ఏమైందమ్మా అన్నారు. ఏం లేదన్నాను. ఇంకోసారి అడిగితే, "ఆయన నడక నాకు తెలియదా" అని ఊరుకున్నాను. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. మిగతాదంతా వాళ్ళే చూశారు. ఒకడికి ఐదో టాంకు మీద దగ్గు వినిపించింది. ఒకడికి టోపీ కనిపించింది. గేటు కాపలాదారుని ఎవరో పేరు పెట్టి పిలిచారు. వారం తిరిగేసరికి మట్టం కొలవడానికి ఆ టాంకులెక్కేవాడు లేకుండా పోయాడు. ఇస్త్రీ సారు అరిచాడు, జీతం కోస్తానన్నాడు, మెట్ల దాకా తనే వెళ్ళి చూపించాడు. మెట్లెక్కలేదనుకో. చివరికి విసిగిపోయి రెండు టాంకులూ తోడించి, కడిగించి, పక్కన పెట్టమన్నాడు. నిన్నటితో అయిపోయింది. చుక్క నూనె లేదు, ఆవిరి కూడా లేకుండా గాలి కొట్టించారు. ఇప్పుడు నీ డైరెక్టరమ్మకి ముక్క చూపించుకో.

ఇందులో నాకు బాధ కలిగించింది ఒకటే. ఎదురింటామె ఇన్ని నెలల తర్వాత కిటికీ తెరిచి పలకరించింది. "మీ ఆయన ఒక్కడేనా, మా ఆయన కూడా కనబడ్డాడా?" అని అడిగింది. ఏం చెప్పను? "పొగమంచులో సరిగ్గా కనబడలేదు" అన్నాను. ఆమె తల ఊపి కిటికీ తెరిచే ఉంచింది.

ఇస్త్రీ సారు ఈమధ్య నాతో బాగా మాట్లాడుతున్నాడు. కాఫీ కప్పు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడతాడు. విచారణకి పిలుపు వచ్చినప్పటి నుంచి అతనికి గుబులుగా ఉంది. "సార్, టాంకులు పుచ్చిపోయాయనీ, పైకప్పులు కారుతున్నా మీరు పట్టించుకోలేదనీ అంటున్నారట. మీరు ఎంత శ్రద్ధ తీసుకున్నారో చెప్పుకోకపోతే ఎలా సార్?" అన్నాను. ఎంత ఆప్యాయంగా అన్నానో నువ్వు వింటే నన్ను మళ్ళీ అనుమానించేవాడివి. అతని ముఖం వికసించింది. "నేను చేయించినంత పని ఈ టెర్మినల్లో ఎవడూ చేయించలేదమ్మా" అన్నాడు.

"అదే చెప్పండి సార్" అన్నాను.

వదిన


నగరం, విచారణ హాలు ఎదుటి లాడ్జి.

వదినా,

మీరు రాలేనన్నారు కాబట్టి, ఒక్క మాట పోకుండా రాస్తాను.

ముక్క చూపించిన రోజు డైరెక్టరమ్మ నన్ను చాలాసేపు తిట్టింది. తిట్టడం అయ్యాక ఈ ముక్కలో ఉన్న అతుకులాంటిదే వేసి ఇంకో టాంకు కట్టించింది. దాన్ని పేల్చినప్పుడు నేను అడ్డుగోడ వెనక ఉన్నాను. మూత కదల్లేదు. టాంకు అడుగు చీల్చుకుని షెడ్డు ఎత్తు దాకా లేచింది. మండే నూనె నేల మీద పరుచుకుంటూ మా గోడ దాకా వచ్చింది. గేటు కాపలాదారు చెప్పినట్టే, అలలా. అన్నయ్య చివరిగా చూసింది ఇదేనని తెలిసింది. విచారణలో మేనేజరుని ముందు అడిగి, మా పరీక్షలకి తీసిన ఫిల్ము తర్వాత చూపిద్దామని ఆమెని బతిమాలాను. "ఎవర్ని ముందు అడగాలో నా ఇష్టం" అంది, అంతే.

ఇవాళ ఇస్త్రీ సారు తెల్ల చొక్కాతో వచ్చాడు. ముందంతా అన్నయ్య మీదే చెప్పాడు. డైరెక్టరమ్మ అంతా విని, చివర్లో అడిగింది. "మీ టాంకుల పైకప్పులు కారేవట. బాగు చేయించకుండా వదిలేశారట."

అతను లేచి నిలబడ్డాడు. "అబద్ధం మేడమ్. నాలుగు, ఐదు, ఆరు టాంకులకి పైకప్పు అతుకంతా లోపలా బయటా వెల్డింగ్ చేయించాను. వానలో గొడుగు పట్టుకుని దగ్గరుండి చేయించాను. ఒక వరస సరిపోలేదనిపిస్తే మళ్ళీ వేయించాను. దేశంలో అంత గట్టి పైకప్పు ఇంకో టాంకుకి ఉండదు."

"మీ ఫోర్మన్ ఒప్పుకున్నాడా?"

"ఎక్కడ ఒప్పుకున్నాడు? డ్రాయింగులో అలా లేదు, పైన అంత గట్టిగా అతకకూడదు అని నసిగాడు. పని తప్పించుకోవడానికి సాకులు. చెప్పింది చెయ్యమన్నాను. నేను పట్టుబట్టకపోతే ఆ పని జరిగేదే కాదు."

సంఘంలో పెద్దాయన ఒకాయన, టాంకులు కట్టిన ఇంజనీరు, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఇస్త్రీ సారు మెచ్చుకోలు కోసం అటూ ఇటూ చూశాడు.

అప్పుడు దీపాలు ఆర్పించి ఫిల్ము వేశాను. మొదట పల్చటి అతుకు ఉన్న టాంకు. మూత ఎగిరింది, గోడ నిలబడింది, నూనె లోపలే మండింది. తర్వాత రెండోది. డైరెక్టరమ్మ ఏమీ వివరించలేదు, "ఇది మీరు చేయించిన అతుకు" అని మాత్రం అంది. తెర మీద టాంకు లేచి, నూనె పరుచుకుంటుంటే వెనక వరసలో ఎవరో ఆడమనిషి ఏడవడం వినిపించింది. దీపాలు వెలిగాక అతను మళ్ళీ లేచి, ఫోర్మన్ చేశాడు, తనకి సాంకేతికంగా తెలియదు, అలా చెయ్యమని తను అనలేదు అని మొదలుపెట్టాడు. పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. "కూర్చోండి. మీరు చెప్పింది రాసుకున్నాం."

ఐదో టాంకుకీ, ఆరో టాంకుకీ అతుకులు తొలగించేదాకా నూనె నింపకూడదని అక్కడికక్కడే ఆర్డరు వేశారు. అతన్ని ఉద్యోగం నుంచి ఆపేశారు. కేసు పెడుతున్నారు. గేటు కాపలాదారు చెప్పిన ఫోను మాటలు రికార్డులోకి ఎక్కాయి. ముల్లు ఇరుక్కున్న సంగతి కూడా.

వదినా, అతని ముఖం చూశాను. మీరు కూడా చూసి ఉంటే బాగుండేది.

చిన్న


టెర్మినల్ ఆఫీసు, ఫోన్ల గది.

చిన్నా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆ "ఎక్కడ ఒప్పుకున్నాడు" అన్న చోట ప్రతిసారీ ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాను.

ఫోర్మన్ గారు వద్దన్నాడన్న మాట పేపర్లో వచ్చింది. ఎదురింటామె ఆ పేపరు పట్టుకుని మన ఇంట్లోకి వచ్చింది. వచ్చేటప్పుడు బొగ్గు రాతలు చూసి, తిరిగి వెళ్ళి తడిగుడ్డ తెచ్చి, నేను వారిస్తున్నా వినకుండా తుడిచింది. ఆమె రాయలేదు, ఎవరు రాశారో ఆమెకి తెలుసు. అడగలేదు నేను. ఆమె లోపల కూర్చున్నాక దెయ్యం సంగతి చెప్పేశాను. ఆరో టాంకు మీద ఎవరూ లేరని, మనుషుల్ని అటు పోకుండా చెయ్యడానికి నేనే పుట్టించానని చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె, "అనుకున్నాను. బతికుండగానే సాయంత్రం దాటాక ఒక్క నిమిషం ఉండేవాడు కాదు. పోయాక డ్యూటీ చేస్తాడా?" అంది. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు ఆగక ఏడుపులోకి దిగింది. మీ అన్న పోయాక ఇంకొకరి ముందు ఏడవడం అదే మొదలు.

నిన్న ఇస్త్రీ సారు తన గదిలో సామాను తీసుకోవడానికి వచ్చాడు. వెళ్తూ నా గుమ్మంలో ఆగాడు. ఎప్పుడూ నిలబడే చోటే. ఈసారి కాఫీ ఎవరూ తెచ్చి ఇవ్వలేదు.

"చెప్పుకోమని నువ్వు నాతో అన్నప్పుడే నీకు తెలుసా?" అన్నాడు.

"తెలుసు సార్."

"ఇంత అభిమానంగా మాట్లాడావు."

"మీరు చెప్పిందంతా నిజమే కదా సార్. నేను అబద్ధం చెప్పమనలేదు."

"నీకు ఉద్యోగం ఇచ్చింది నేనమ్మా" అన్నాడు.

"ఇచ్చారు సార్. ఒళ్ళు దాచుకోకుండా చేశాను."

పెట్టె బరువుగా ఉన్నట్టుంది, ఎవరైనా పట్టుకుంటారేమోనని చూశాడు. వరండాలో ఉన్నవాళ్ళెవరూ లేవలేదు. తనే మోసుకుంటూ మెట్లు దిగాడు. ఒక మెట్టు మీద ఆగి పెట్టె దించి, చెయ్యి మార్చుకుని మళ్ళీ ఎత్తుకున్నాడు. ఆ వెనకనుంచి చూస్తే మనిషి బాగా ముసలివాడైపోయాడు.

జాలి వేస్తుందేమోనని కిటికీలోంచి గేటు దాకా చూశాను చిన్నా. నిజంగానే ఎదురుచూశాను.

వెయ్యలేదు. వచ్చి కూర్చుని, మోగుతున్న లైను తీసుకున్నాను.

వదిన